దండెం ఖాళీగా ఉండే ఆదివారం

స్వప్న అడిగిన మాట

మా అన్న మనవరాలు స్వప్నకు గైడు ఉద్యోగం వచ్చింది. జనాన్ని బస్సెక్కించి కోటలూ గుళ్లూ చూపించుకొచ్చే కంపెనీ. చేరబోయే ముందు పటాన్‌చెరువులో మా ఇంటికొచ్చి, చాయ్ గ్లాసు చేత పట్టుకొని అడిగింది.

"తాతా, నువ్వు గన్నేండ్లు గదే పని జేస్తివి గద. గైడంటే ముందుగాల ఏం నేర్సుకోవాలె?"

"నోరు మూసుకునుడు నేర్సుకోవాలె బిడ్డా."

"మజాక్ జెయ్యకు తాతా!"

నేను మజాక్ చేయలేదు. కానీ ఆ ఒక్క మాట తలకెక్కడానికి నాకు స్కాట్లాండు దీవుల మధ్య కొన్ని వేసవులు పట్టింది. ఒక గ్లాసు చాయ్ తాగే లోపల ఆమెకు ఎట్లా చెప్పను? అందుకే కూర్చుని రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు మెచ్చుకున్నారు అనే ముచ్చట్లు ఇందులో ఉండవు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు వాటితో ఒరిగేదేమీ లేదు.

ఉల్లిగడ్డల నుంచి ఓడ మీదికి

మాది పటాన్‌చెరువు పక్కన లక్డారం. నిజాం రాజ్యం పోయిన కొత్తలో పని వెతుక్కుంటూ బొంబాయి పోయాను. అక్కడి రేవులో సంగారెడ్డి ఖాజా భాయ్ కలిశాడు. వాళ్ల నాన్నకు సంగారెడ్డి బజారులో మిఠాయి దుకాణం. ఈయనకేమో సముద్రం పిచ్చి. ఒక సరుకు ఓడలో వంటవాడుగా ఉన్నాడు. నా మాట వినగానే, "మన దిక్కు పోరడే గదరా" అని వంటింట్లోకి లాక్కుపోయి ఉల్లిగడ్డలు కోసే పనిలో పెట్టాడు. ఆ ఓడ గ్లాస్గో చేరాక మరమ్మతుకని ఆగిపోయింది. ఊరికే కూర్చుంటే ఖాజా భాయ్‌కి అన్నం అరగదు. రేవులో వాకబు చేసి, వేసవిలో దీవులు చూపించే ఒక చిన్న ఓడ మీద ఇద్దరికీ పని సంపాదించాడు. ఇది పందొమ్మిది వందల యాభైల మొదట్లో సంగతి.

చిన్న ఓడ అంటే నిజంగా చిన్నదే. యుద్ధంలో సామాన్లు మోసిన దాన్ని కొని, లోపల మంచాలు వేసి, బయట తెల్ల రంగు పూశారు. డజను మంది ప్రయాణికులు పట్టేవాళ్లు. పెద్ద ఓడలు పోలేని ఇరుకు సందుల్లోకి, రాళ్ల మధ్యకు మాది దూరేది. కొండలు నీళ్లలో నుంచి నేరుగా పైకి లేచి ఉంటాయి. సీల్ అనే నీటి జంతువులు రాళ్ల మీద పడుకొని, ఎండ పొడలో ఒళ్లు ఆరబెట్టుకుంటాయి. ఒకే రోజు ఎండ, వాన, మంచు, మళ్లీ ఎండ. మొదటి వారం నేను నోరు తెరిచి చూస్తూ ఉంటే ఖాజా భాయ్ నెత్తిన ఒకటి వేసి, "సూసింది సాలు, ఆలుగడ్డలు కొయ్యి" అన్నాడు.

ఓడకు పెద్ద మర్డో. దీవుల్లోనే పుట్టి పెరిగిన కెప్టెను. ఎర్ర మొహం, తక్కువ మాటలు. అతను మాట్లాడింది ఇంగ్లీషే, కానీ ఇంట్లో వాళ్ల గేలిక్ భాష మాట్లాడేవాడు కాబట్టి ఆ ఇంగ్లీషు కూడా పుస్తకాల ఇంగ్లీషు కాదు, ఊరి ఇంగ్లీషు. నా చెవికి అది లక్డారం మాటలాగే వినబడేది. అందుకని ఇక్కడ అట్లాగే రాస్తున్నాను.

గైడు పేరు కెనెత్ మాస్టారు. ఎడిన్‌బరోలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు తెలియని రాజు లేడు, తెలియని రాయి లేదు. ఆయన మాట్లాడేది మాత్రం అచ్చంగా పుస్తకాల ఇంగ్లీషు.

వెనక నడిచేవాడు

దీవి మీద దిగగానే మాస్టారు చేతికర్ర ఊపుకుంటూ ముందు పోయేవాడు. జనం ఆయన వెనక. ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పుల వాళ్లు, పువ్వు కనబడితే ఆగిపోయేవాళ్లు ఇంకా వెనకబడేవాళ్లు. వాళ్లను తప్పిపోకుండా తోలుకురమ్మని మర్డో నన్ను వంటింట్లో నుంచి బయటికి పంపించాడు. నా గైడు పని అట్లా మొదలైంది, గొర్రెల మంద వెనక నడిచినట్టు. కొందరు ప్రయాణికులకు మొదట కోపం వచ్చేది. స్కాట్లాండు చూడడానికి వస్తే హిందుస్థానం వాడు చూపిస్తాడేంది అని ఒకాయన మొహం మీదే అన్నాడు. రెండు రోజులు పోయాక ఆయనే నా పక్కన నడుస్తూ, తన ఇంటి సంగతులన్నీ చెప్పుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. చెవి మంచిదైనా ఊరు మంచిదే అని నేను ఆ ఏడు తెలుసుకున్నాను.

స్టాఫా అని ఒక దీవి ఉంది. అక్కడ సముద్రం మీదికి తెరుచుకున్న పెద్ద గుహ. ఉలితో చెక్కి నిలబెట్టినట్టు రాతి స్తంభాలు, ఒకదాన్ని ఆనుకొని ఒకటి. అల లోపలికి వచ్చి గోడకు తగిలితే గుహంతా గుమ్మని మోగుతుంది. మాస్టారు ఆ మోత మీదుగా అరుస్తూ, లావా ఎట్లా చల్లారిందో చెప్పేవాడు. ఆయన గొంతు పోయేది, ఎవరికీ ఏమీ వినబడేది కాదు. ఒకసారి పడవలో తిరిగి వస్తుంటే మర్డో నా చెవిలో అన్నాడు.

"గుహ మాట్లాడుతుంటే మనిషి ఎందుకు మాట్లాడుడు మాలీ?"

మల్లయ్య అనే పేరు వాళ్ల నోట మాలీ అయింది. మాస్టారు చెడ్డవాడని చెప్పడం లేదు. నాకు ఇంగ్లీషు చదవడం నేర్పింది ఆయనే, నా తప్పులకు నవ్వకుండా నేర్పాడు. కానీ ఆయనకు తెలిసింది పంచిపెట్టాలనే ఆత్రం. వడ్డించేవాడి ఆత్రంతో తినేవాడి కడుపు నిండదు. కొత్త గైడులందరిలో ఈ జబ్బు చూస్తాను. స్వప్నకు కూడా తగులుతుంది, దానికి మందు లేదు, కొన్నాళ్లకు అదే తగ్గుతుంది.

బకెట్టెడు నీళ్లు

ఇప్పుడు ఆదివారం గురించి చెప్పాలి. ఇక్కడ మా పక్కనున్న కాజీపల్లిలో ఫ్యాక్టరీ పనివాళ్ల కిరాయి గదుల వైపు ఆదివారం పోయి చూడండి. దండేలన్నీ నిండిపోయి ఉంటాయి. వారమంతా డ్యూటీ చేసినవాళ్లకు బట్టలు ఉతుక్కోవడానికి దొరికే రోజు అదొక్కటే. స్కాట్లాండు ఒడ్డుకు దూరంగా ఉండే బయటి దీవుల్లో సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ ఆదివారం ఒక్క దండెం మీద ఒక్క గుడ్డ కనబడదు. ఆ రోజు దేవుడిది. వంట శనివారమే వండి పెట్టుకుంటారు, నీళ్లు శనివారమే తోడి పెట్టుకుంటారు. చేపల పడవ కదలదు. కొట్టం ముందు కోడి కూడా మెల్లగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది.

నాకు ఇది తెలియని మొదటి వేసవిలో ఒక ఆదివారం ఓడ లంగరు వేసి ఉంటే ఒడ్డు మీద నడుస్తున్నాను. ఒక ముసలాయన గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. పక్కన ఖాళీ బకెట్టు. దాహంతో ఉన్నాడేమో, పాపం నడవలేడేమో అనుకొని, బావి నుంచి బకెట్టు నింపి తెచ్చి ఆయన ముందు పెట్టాను. మన దగ్గర నీళ్లు పోసినవాణ్ణి చల్లగుండు కొడుకా అంటారు. ఆయన నన్ను చూసి తల ఊపాడు, లేచాడు, బకెట్టు ఎత్తి నీళ్లన్నీ గడ్డిలో కుమ్మరించి, ఖాళీ బకెట్టు మళ్లీ అక్కడే పెట్టి కూర్చున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేను కోపంతో ఓడకు వచ్చి చెబితే మర్డో చాలాసేపు నవ్వి, ఆ తరువాత ఆదివారం అంటే ఏమిటో చెప్పాడు.

"మా దీవిల ఆదివారం సూడనీకి వచ్చెటోళ్లను నా ఓడ దింపది. మా అమ్మ మొకం నేను మల్ల సూడాలె గద" అన్నాడు.

పెగ్గీ గారు

మూడో వేసవిలో పెగ్గీ గారు మా ఓడ ఎక్కారు. కెనడా నుంచి వచ్చిన పెద్దావిడ, భర్త పోయారు. ఆమె ఎప్పుడూ అందరికంటే వెనక నడిచేవారు కాబట్టి నా మనిషి అయ్యారు. మొదటి రోజుల్లో అలలకు ఆమె కడుపులో ఏదీ నిలవలేదు. ఖాజా భాయ్ పలచగా గంజి కాచి, తను పెట్టుకున్న నిమ్మకాయ తొక్కు ఇంత వేసి తాగించాడు. అప్పటి నుంచి ఆమె వంటింటి మెట్ల మీదే కూర్చునేవారు. ఓడ దీవులకు దగ్గరైన కొద్దీ ఆమె కెనడా ఇంగ్లీషు కరిగిపోయి, మర్డో మాట్లాడినట్టే మాట్లాడడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం అసలు సంగతి చెప్పారు. మేము చివరగా చేరబోయే దీవి ఆమె పుట్టిన ఊరు. అక్కడ ఆమె అక్క కిర్‌స్టీ ఒక్కతే ఉంటున్నది. పడుచుతనంలో పెగ్గీ కెనడా పోతానంటే, మంచంలో ఉన్న తల్లిని విడిచి పోతావా అని అక్క అడ్డుపడింది. ఈమె విననే లేదు. తల్లి ఆ చలికాలమే పోయింది.

"పడవ ఎక్కేటప్పుడు మా అక్క ఒక్కటే మాట అన్నది. పోతే పోయినవ్, ఇగ ఈ గడప తొక్కకు అన్నది. అప్పటి సంది మాట లేదు మాలీ. ఒక్కపారి ఆమె ముంగట నిలబడి సచ్చిపోయినా సరే."

"గట్లనకు అమ్మా. శనారం నాటికి నీ గడప కాడ ఉంటం" అన్నాను.

దారిలో పొగమంచు కమ్మి మమ్మల్ని ఒక రాతి సందులో ఆపేసింది. మంచు విడిచి మేము ఆ దీవి ముందు లంగరు వేసేసరికి ఆదివారం తెల్లవారింది. సోమవారం పొద్దున్నే బయల్దేరకపోతే మిగతా ప్రయాణికులకు రైలు అందదు. అంటే ఆమెకున్నది ఆ ఒక్క ఆదివారమే. ఒడ్డున ఊరు కనబడుతూనే ఉంది. గడ్డి కప్పిన ఇళ్లు, ఒక చర్చి, పొగ గొట్టాలు. దండేలు ఖాళీగా ఉన్నాయి.

మాస్టారు మర్డోతో వాదించాడు. "ఆమె ఇంత దూరం వచ్చింది. పడవ దింపండి. నియమాల కంటే మనిషి ముఖ్యం కదా!"

జవాబు పెగ్గీ గారే చెప్పారు. "నేను దిగను మాస్టారూ. ఆదివారం నాడు తమాష సూడవచ్చినోళ్ల తోని వస్తే మా అక్క నన్ను ఈ జన్మల క్షమించది. నాకు ఆమె ఎరుకే."

ఆమె ఓడ కమ్మీని పట్టుకొని ఊరి వైపు చూస్తూ నిలబడ్డారు. ఖాజా భాయ్ నా దగ్గరికి వచ్చి, "ఏంరా మల్లిగా, గైడువి గద, జెర దారి సూపియ్యి. గా ముసలామె మొకం సూస్తే నాకు బుక్క దిగుతలేదు" అన్నాడు.

అప్పుడు నాకు మా దిక్కు బొంతపల్లి గుడి గుర్తుకొచ్చింది. మా పెదనాన్నకూ చిన్నాయనకూ పొలం గెట్టు తగాదా. ఒకరి వాకిట్లోకి ఒకరు పోరు. కానీ వీరభద్రస్వామి దగ్గరికి పోయిన రోజు ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి తీర్థం పుచ్చుకునేవాళ్లు. గుడికి వచ్చినవాణ్ణి ఎందుకొచ్చినవ్ అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మర్డో దగ్గరికి పోయి అడిగాను. "చర్చికి పోవుడు పని కిందికి వస్తదా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "రాదు. మా అమ్మ అవుతలి ఒడ్డు నుంచి పడవల పోయేది చర్చికి. తెడ్లు ఏస్కుంట."

"మరి మనం సూడనీకి పోవద్దు. కూసోనీకి పోదం."

మర్డో టోపీ తీసి తల గోక్కున్నాడు. తరువాత ప్రయాణికులను పిలిచి చెప్పాడు. మోటారు పడవ ఉండదు. కెమెరాలు ఓడలోనే ఉంటాయి. వచ్చినవాళ్లు చివరిదాకా కూర్చోవాలి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా సరే. నలుగురైదుగురు వస్తామన్నారు. మాస్టారు కూడా టై కట్టుకొని వచ్చాడు. మర్డో చుక్కాని పట్టాడు, నేనూ ఖాజా భాయ్ తెడ్లు వేశాం. "దేవుని ఇల్లే గద, ఎవలదైతేంది" అన్నాడు ఖాజా భాయ్. పైన సన్నగా వాన.

మెట్ల మీద బూట్లు

అప్పటిదాకా మేమిద్దరం ఏ చర్చిలోకీ అడుగు పెట్టలేదు. జనం మాట్లాడకుండా లోపలికి పోతున్నారు. మేము చివర. గుమ్మం దగ్గర ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, అడగలేదు, ఆలోచించలేదు. దేవుడి గడప ముందు చేయవలసిన పని చేశాం. బూట్లు విప్పి, మెట్టు మీద పక్కపక్కన పెట్టి, సాక్సులతో లోపలికి పోయి కూర్చున్నాం.

లోపల బొమ్మలు లేవు, దీపాలు లేవు, బాజా పెట్టె లేదు. ఉత్త గోడలు, చెక్క బల్లలు. ఒక పెద్దమనిషి లేచి గేలిక్‌లో ఒక చరణం ఎత్తుకున్నాడు. దాన్ని జనమంతా అందుకున్నారు. అందరూ కలిసి ఒకే తీరుగా కాదు, ఎవరి గొంతు వాళ్లు సాగదీసుకుంటూ, అల మీద అల వచ్చినట్టు. బతుకమ్మ నాడు మా అమ్మ ముందు పలికితే వాడకట్టు ఆడవాళ్లంతా అందుకునేది గుర్తొచ్చి కళ్లు నిండాయి. పక్కనున్న ముసలమ్మ నన్ను చూసి, ఏమనుకుందో ఏమో, మెల్లగా ఒక పిప్పరమెంటు నా చేతిలో పెట్టింది.

పెగ్గీ గారు మొదటి రెండు చరణాలకు నోరు విప్పలేదు. మూడోదానికి పెదవులు కదిలాయి. నాలుగోదానికి ఆమె గొంతు లేచింది. సన్నగా, కానీ గట్టిగా. ముందు వరుసలో నల్ల శాలువా కప్పుకున్న పొడుగాటి ఆవిడ పాడడం ఆపేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. ప్రార్థన అయ్యేదాకా ఆ వీపు నిటారుగా అట్లాగే ఉంది. ఆమే కిర్‌స్టీ అని నాకు ఎవరూ చెప్పక్కరలేకపోయింది. మాస్టారు నా పక్కనే ఉన్నాడు, ఆయనకు గేలిక్ రాదు. ఆయన అంతసేపు మౌనంగా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి.

ప్రార్థన అయిపోయి బయటికి వచ్చేసరికి వాన జోరుగా కురుస్తున్నది. కిర్‌స్టీ పెగ్గీ గారి ముందు నుంచే నడిచింది. ఒక్క క్షణం ఆగింది. చెల్లెలి మొహం చూసింది. అక్క తల తిప్పుకొని మెట్లు దిగసాగింది. అయిపోయింది, ఇక ఈమెను ఓడకు తీసుకుపోవడమే అనుకున్నాను.

కింది మెట్టు దగ్గర ఆమె కాలికి నా బూటు తగిలింది.

రెండు జతలూ నిండా నీళ్లతో, చిన్న చిన్న చెంబుల్లాగా మెట్టు మీద ఉన్నాయి. ఆమె ఒక బూటు ఎత్తింది. నీళ్లు కారాయి. తల ఎత్తి చూస్తే గుమ్మంలో మేమిద్దరం, తడిసిన సాక్సులతో. ఖాజా భాయ్ సాక్సుకు బొటనవేలి దగ్గర బొక్క కూడా ఉంది. ఆమె గేలిక్‌లో ఏదో గట్టిగా అన్నది. దానికి పెగ్గీ గారు జవాబిచ్చారు. మళ్లీ ఆమె ఏదో అన్నది. ఆ మాటలు తరువాత మర్డో నాకు చెప్పాడు.

"ఈ పిచ్చోళ్లను ఎవరు తోల్కొచ్చిండ్రు?" అని అడిగింది కిర్‌స్టీ.

"నేనే అక్కా. నాతోని వచ్చిండ్రు."

"మరి గట్ల నిలబడి సూస్తవేంది? సలికి సస్తరు. ఇంటికి తోల్కరా."

అన్నేళ్ల తరువాత ఆ అక్కాచెల్లెళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలు మా బూట్ల గురించి. పక్కనే చర్చి పెద్ద ఒకాయన, ఆదివారం నాడు ఇదంతా ఏమిటన్నట్టు చూశాడు. కిర్‌స్టీ ఆయనకు చెప్పిన మాట మర్డో పదేపదే తలుచుకొని నవ్వేవాడు.

"ఇది పని గాదయ్యా. దయ."

ఆమె ఇంట్లో పీటు, అంటే చిత్తడి నేలలో కోసి ఎండబెట్టిన మట్టి పెళ్లలు, కాలుతున్న పొయ్యి. ఆ పొగ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఇక్కడ పటాన్‌చెరువులో ఫ్యాక్టరీల గాలి వీచే రాత్రులు కూడా తలుచుకుంటే ముక్కుకు అందుతుంది. మమ్మల్ని పొయ్యి ముందు కూర్చోబెట్టి, తడి సాక్సులు లాగేసి, తను అల్లిన మందపాటి ఉన్ని సాక్సులు ఇచ్చింది. శనివారం తోడిన నీళ్లతో టీ, శనివారం వండిన సూపు. ఖాజా భాయ్ తాగి, "వాహ్!" అన్నాడు. ఆమెకు ఆ మాట అర్థమైంది. పెగ్గీ గారు మాత్రం గడప బయటే నిలబడి ఉన్నారు. గడప తొక్కవద్దన్న మాట ఆమెకింకా గుర్తుంది. కిర్‌స్టీ ఇంకో కప్పులో టీ పోసి, బల్ల మీద ఖాళీ కుర్చీ ముందు పెట్టి, అటు చూడకుండానే ఒక మాటన్నది. ఆ మాట మాతో వచ్చిన మర్డో కూడా నాకు చెప్పలేదు. పెగ్గీ గారు లోపలికి వచ్చి కూర్చుని ఏడ్చారు. అక్క ఏడవలేదు. ఆమె చెయ్యి మాత్రం చెల్లెలి వీపు మీద చాలాసేపు ఉంది.

మేము టీ తాగేసి మెల్లగా లేచి వచ్చేశాం. అక్కడ గైడుకు పనిలేదు.

సోమవారం

సోమవారం పొద్దున్నే ఊరి పడవ వచ్చి పెగ్గీ గారి పెట్టె తీసుకుపోయింది. ఆమె ఇక మాతో రారని పడవవాళ్లే చెప్పారు. ఎండ కాసింది. ఓడ మెల్లగా తిరుగుతుంటే ప్రయాణికులంతా కమ్మీల దగ్గరికి వచ్చారు. మాస్టారు అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. ఊరి వైపు చూశాడు. ఏమీ మాట్లాడకుండా టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

ఆ దీవుల్లో సోమవారం బట్టలు ఉతికే రోజు. ఊరంతా దండేలు నిండుతున్నాయి. కిర్‌స్టీ ఇంటి ముందు ఇద్దరు ఆడవాళ్లు దుప్పటిని చెరో కొస పట్టుకొని పిండుతున్నారు. వాళ్ల వెనక దండెం మీద ఒక నల్ల శాలువా, ఒక పూల గౌను, ఆ చివర రెండు జతల మగవాళ్ల సాక్సులు గాలికి ఊగుతున్నాయి.

"అరెరె, నా మేజోళ్లు!" అని అరిచాడు ఖాజా భాయ్. "మర్డో సాబ్, ఓడ జెర వాపస్ తిప్పుండ్రి!"

మర్డో చుక్కాని వదలలేదు.

"ఉండనియ్యి భాయ్" అన్నాడు. "ఆ ఇంటికి అవి అవుసరం."